కారూ, కారే కుళాయీ

"ఏవండీ, కారుతోంది" అని వంటింట్లోంచి మా ఆవిడ అనగానే నేను చెప్పులైనా వేసుకోకుండా మూడంతస్తుల మెట్లూ దిగి పార్కింగ్‌లోకి పరుగెత్తాను. అట్టముక్క పరుచుకుని, ఫోన్ టార్చి వెలిగించి, కారు కిందకి దూరి చూశాను. ఇంజన్ ఆయిల్ కారడం లేదు. కూలెంట్ కారడం లేదు. ఏసీ నీళ్లు రెండు చుక్కలు పడి ఉన్నాయి, అది ఆరోగ్య లక్షణమే. ఊపిరి పీల్చుకుని పైకొచ్చి, "ఏం భయం లేదోయ్, ఎక్కడా కారడం లేదు" అని ధైర్యం చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు. సింకు వైపు చూసింది. అక్కడ కుళాయి చుక్క తర్వాత చుక్కగా, ఏ తొందరా లేకుండా, ఏడు వారాల నుంచి చేస్తున్న పనే చేస్తోంది.

కారు ప్రేమికులకు ఇల్లు పట్టదని లోకంలో ఒక అపవాదు ఉంది. ముఖ్యంగా మా ఇంట్లో ఉంది. దీనికి కోపతాపాలు లేకుండా, ఆధారాలతో జవాబు చెప్పుకోవడం మా వర్గం వాడిగా నా బాధ్యత.

అసలు తప్పు ఇంటిది. కారుకి ఏ చిన్న బాధ కలిగినా చెబుతుంది. టైరులో గాలి తగ్గితే గుర్రపు డెక్కలాంటి బొమ్మలో ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఎర్రగా కూజా బొమ్మ వెలుగుతుంది. పదివేల కిలోమీటర్లో, ఏడాదో, ఏది ముందైతే అప్పుడు సర్వీసింగ్ అని పుస్తకంలో రాసి ఇస్తారు. ఇల్లు కట్టినవాడు ఏ పుస్తకం ఇచ్చాడు? స్లాబులో చెమ్మ చేరితే ఏ దీపం వెలిగింది? పెచ్చు ఊడి పప్పుగిన్నెలో పడేదాకా ఇల్లు నోరు మెదపదు. పడ్డాక మాత్రం అందరూ నన్ను చూస్తారు. పైన నీళ్ల ట్యాంకు చివరిసారి కడిగించింది మా అబ్బాయి ఎల్‌కేజీలో ఉన్నప్పుడు. వాడిప్పుడు ఏడో తరగతి. ఈ మధ్యలో ట్యాంకు ఒక్కసారైనా నాకు మెసేజ్ పెట్టిందా?

మాకు శ్రద్ధ లేదనడం కూడా అన్యాయమే. కొత్త టైర్లు కొనేటప్పుడు 215/60, ఆర్ 17 అనే మా కారు టైరు సైజు చూసుకున్నాక, పక్కగోడ మీద నాలుగంకెలు వెతుకుతాం. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని లెక్క. ఆరు నెలలు పాతబడిందని తేలితే దుకాణాదారుడు ఎంత బతిమాలినా వెనక్కి పంపేస్తాం. రబ్బరు విషయంలో రాజీ పడకూడదు, ప్రాణాలతో పని. ఈ సంగతి మా అబ్బాయికి వివరించి చెబుతుంటే వాడు శ్రద్ధగా విని, వంటింట్లోకి వెళ్లి వచ్చి, "నాన్నా, గ్యాస్ ట్యూబు మీద కూడా అంకెలున్నాయి" అన్నాడు. ఐదేళ్లకోసారి మార్చాల్సిన ఆ నారింజ రంగు ట్యూబు మీద 2018 అని ఉందట. పిల్లలకు అన్నీ నేర్పకూడదు.

చెవులూ అంతే. కారు వేగం అరవై దాటాక ఎడమవైపు వెనక చక్రం దగ్గర్నుంచి వచ్చే 'టిక్' అనే చిన్న శబ్దాన్ని నేను పాటల మధ్యలో కూడా పట్టేస్తాను. మెకానిక్‌కి వినపడదు. పక్కన కూర్చున్న మా ఆవిడకి వినపడదు. ఆ శబ్దం కోసం సెలవు పెట్టి, డిక్కీలో జాకీ, పానా, స్టెప్నీ అన్నీ బయట పెట్టించి, చివరికి అది సీటు కింద దొర్లుతున్న రేగుపండు గింజ అని కనిపెట్టాను. ఇలాంటి చెవులున్నవాడు "మూడు విజిల్స్ రాగానే కట్టేయండి" అని చెప్పి మార్కెట్టుకి వెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి ఎనిమిదో విజిల్ దగ్గర ఉన్నాడంటే, అది చెవుల లోపం కాదు. కుక్కరు శబ్దంలో విశేషం ఏముంది?

తలుపుల సంగతి ఎత్తకుండా ఉంటే బాగుండేది. కారు కొనడానికి వెళ్లినప్పుడు మేం ముందు చూసేది తలుపు వేసిన శబ్దం. 'ధప్' అనాలి. 'టప్' అంటే రేకు పల్చన అని మా శాస్త్రం. ఒక షోరూమ్‌లో నేను పదహారు సార్లు తలుపు తీసి వేశాక అక్కడి కుర్రాడు "సార్, కూర్చుంటారా?" అని అడిగాడు. మా ఇంటి వీధి తలుపు వానాకాలం రాగానే ఉబ్బుతుంది. దాన్ని భుజంతో కాస్త పైకెత్తి, మోకాలితో నెట్టి, గొళ్లెం వేయాలి. ఈ విద్య మా ఇంట్లో అందరికీ వచ్చు. చుట్టాలకు రాదు కనుక జులై నుంచి అక్టోబరు దాకా మాకు చుట్టాలు తక్కువ. దీన్ని మరమ్మతు అవసరం అనే కంటే భద్రతా ఏర్పాటు అనడం మర్యాద.

ఎలుక విషయం మాత్రం వివరంగా చెప్పాలి. మా వంటింట్లో ఒక ఎలుక ఆర్నెల్లు కాపురం చేసింది. బియ్యం డబ్బా మూత కొరికింది, కందిపప్పు సంచీకి కన్నం పెట్టింది. మా ఆవిడ మొర పెట్టుకున్నప్పుడల్లా నేను శాంతంగా, "పోనీలే, వినాయకుడి వాహనం" అనేవాణ్ణి. ఒకరోజు పొద్దున్న కారు స్టార్ట్ చేస్తే ఇంజన్ దీపం వెలిగింది. బానెట్ ఎత్తితే లోపల ఒక వైరు కొరికి ఉంది, పక్కనే సగం తిన్న కందిపప్పు బద్దలు. మా కందిపప్పే! ఆ క్షణంలో నాకు వినాయకుడు గుర్తు రాలేదు. ఒక వాహనం మరో వాహనాన్ని తినడం ఏ పురాణంలోనూ లేదు. సాయంత్రానికల్లా బానెట్ కింద కలరా ఉండలు వేశాను, పొగాకు కాడలు కట్టాను, కింద ఇనప జాలీ బిగించాను, బోను పెట్టాను, బోనులో మసాలా వడ పెట్టాను. ఆ వడ ఎక్కడిదని మా ఆవిడ అడిగితే, ఆఫీసు నుంచి వస్తూ మూసాపేట దగ్గర ఆగి కొన్నానని నిజం చెప్పాను. "ఆర్నెల్ల నుంచి నేను అడిగిన బోను ఇదేనా?" అంది. అదే. పాపం, దాన్ని పట్టడానికి ఒక్క రాత్రి పట్టింది.

మా జాతికి చరిత్ర లేకపోలేదు. చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. 1912 నాటిది, వెనక సింహాసనంలాంటి సీటు. ఇన్నేళ్లలో అది తిరిగింది నాలుగు వందల మైళ్లు కూడా లేదంటారు. నైజాం నవాబు అంతటివాడే బండిని చూసుకోవడానికి పెట్టుకున్నాడు గానీ తిరగడానికి కాదు. ఇక మారుతి 800 కథ. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్ అనే ఢిల్లీవాసి అందుకున్నారు. 2010లో ఆయన పోయాక ఆ కారు ఇంటి ముందు ఎండకీ వానకీ తుప్పు పట్టింది. ఆ ఫొటోలు చూసి మావాళ్లంతా గుండెలు బాదుకున్నారు. చివరికి కంపెనీవాళ్లే తీసుకెళ్లి కొత్తదానిలా చేసి తమ ఆఫీసులో పెట్టుకున్నారు. ఆ ఇంటి గోడలకి రంగు వేసి ఎన్నేళ్లయిందని మాలో ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతాం?

మా నాన్నగారు మాత్రం ఈ విషయంలో పూర్తిగా దారి తప్పిన మనిషి. ఆయనకి ఒక బజాజ్ చేతక్ ఉండేది. పొద్దున్నే దాన్ని ఎడమవైపు ఒంచి, మళ్లీ నిలబెట్టి, నాలుగు కిక్కులు కొడితే కదిలేది. ఆదివారం ప్లగ్గు ఊడదీసి గరుకు కాగితంతో రుద్దేవారు. అదే కాగితంతో కిటికీ బోల్టు తుప్పు వదలగొట్టేవారు, అక్కణ్ణుంచి లేచి మంచం కిర్రుమనే కోడు దగ్గరికి వెళ్లేవారు. సంక్రాంతికి ముందు తలకి తువ్వాలు చుట్టుకుని స్వయంగా సున్నం కొట్టేవారు. స్కూటరుకీ ఇంటికీ ఒకే గరుకు కాగితం వాడిన మనిషికి స్కూటరు మీద నిజమైన ప్రేమ ఉందని నేను నమ్మను.

ఇప్పుడు ప్రేమంటే ఖర్చు. మా దగ్గర కారు తుడిచే గుడ్డలే నాలుగు రకాలు. గాజుకి ఒకటి, రంగుకి ఒకటి, చక్రాలకి ఒకటి, తడి ఒత్తడానికి ఒకటి. వాటిని విడిగా ఉతకాలి, మిషన్లో బట్టలతో వేయకూడదు. టైర్లలో మామూలు గాలి కొట్టించం, నైట్రోజన్ కొట్టిస్తాం. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంటుందని ఒక సైన్సు మాస్టారు నాతో వాదించబోయాడు. మిగతా 22 శాతం మాటేమిటని అడిగాను. నోరు మూసుకున్నాడు. పోయిన దసరాకి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పూలదండ వేసి పూజ చేశాం. మా ఇంటి గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ గృహప్రవేశం నాటిది. ఎండి, కుంచించుకుపోయి, ఇప్పుడు పొన్నకాయంత ఉంది. దిష్టి తగలడానికి అంతకంటే ఇంట్లో ఏముందిలే అని వదిలేశాం.

ఉద్యోగం పాడవుతోందని కూడా కొందరి ఫిర్యాదు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో పదకొండు గంటల మీటింగు నేను పార్కింగ్‌లోంచే వింటాను. కెమెరా కట్టేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నురగ చల్లి, పాత టూత్‌బ్రష్‌తో అల్లాయ్ చక్రాల ఆకుల మధ్య దుమ్ము తీస్తాను. ఒకసారి మేనేజరు "వెనక ఏదో నీళ్ల శబ్దం వస్తోంది" అంటే, వంటింట్లో కుళాయి కారుతోందని చెప్పాను. అబద్ధం కాదు కదా. మా అత్తగారు బాల్కనీలోంచి చూసి "అల్లుడుగారికి ఎంత ఓపికో" అని మురిసిపోయారు. ఆ టూత్‌బ్రష్ ఇంకా పాతది కాలేదని, అది ఆవిడదేనని రాత్రి తెలిసింది. బెంగళూరులో 2024 మార్చిలో నీటి కరువొచ్చి, తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నప్పుడు నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మనుషులకి నీళ్లు లేకపోతే ట్యాంకరు వస్తుంది. కారు ఎవరితో చెప్పుకుంటుంది?

ఇంత చేసి ఈ కారులో ఎక్కడికి వెళతామంటే, కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి. పదిహేను వందల ఆర్‌పీఎం నుంచే 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే టర్బో ఇంజను జేఎన్‌టీయూ దగ్గర మొదటి గేరులో, ముందు ఆటో వెనక రాసిన సూక్తి చదువుకుంటూ నిలబడుతుంది. అందుకే ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి లేచి అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నలభై కిలోమీటర్లు వెళ్లి, ఒక చాయ్ తాగి వస్తాం. ఆ చాయ్ బాగుండదు. వీధి చివర కొట్టుకి వెళ్లి కరివేపాకు తెమ్మంటే మాత్రం, దగ్గరి దూరాలకి ఇంజన్ వేడెక్కదు, ఆరోగ్యానికి మంచిది కాదు అని చెబుతాను. నడిచి వెళ్లొచ్చు కదా అంటుంది మా ఆవిడ. ఆవిడకి ఇంజన్ల గురించి తెలియదు.

ఇంతకీ కుళాయి. పోయిన శనివారం నేనే స్వయంగా పూనుకున్నాను. నా దగ్గర టార్క్ రెంచి, అంటే ఎంత గట్టిగా బిగించామో కొలిచే పానా, ఉంది. చక్రం నట్లు వరసగా కాదు, నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి, 110 దగ్గర 'టక్' అనేదాకా బిగిస్తాను. అలాంటివాడికి కుళాయి ఒక లెక్కా? తల తిప్పాను, మర ఊడింది. అప్పుడు మా ఆవిడ "గేట్ వాల్వు కట్టేశారా?" అని అడిగింది. కారులో క్యాబిన్ ఫిల్టరు గ్లవ్‌బాక్సు వెనక ఉంటుందని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఇంట్లో గేట్ వాల్వు ఎక్కడుంటుందో తెలియదు. ఆలోచించేలోపు కుళాయి తల ఎగిరి నా నుదుటికి తగిలింది, నీళ్లు కప్పుదాకా లేచాయి. అరచేత్తో అదిమి పట్టుకుని "గుడ్డ, గుడ్డ" అని అరిచాను. మా ఆవిడ చేతికి దొరికింది తెచ్చింది. అది కారు రంగు మీద వాడేది. లేతనీలం, అంచు కుట్లు లేనిది, రెండు నెలలు వెతికి తెప్పించుకున్నది. "అది వద్దు!" అన్నాను. ఆవిడ అటు నీళ్లూ ఇటు గుడ్డా చూసి, నింపాదిగా దాన్ని కుళాయికి చుట్టి ముడేసి, బాత్రూము అటక మీద గేట్ వాల్వు కట్టేసి వచ్చింది. తర్వాత అదే గుడ్డతో పొయ్యి గట్టు తుడిచింది. ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా ఆ గుడ్డ ఇక కారు మీద పెట్టకూడదు, గీతలు పడతాయి. నా నుదుటి మీద బొప్పి గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇద్దరం గుడ్డనే చూస్తున్నాం, కారణాలు వేరు.

ప్లంబరుకి ఫోన్ చేస్తే, "వాషరు తెచ్చి పెట్టుకోండి సార్, సాయంత్రం వచ్చి బిగిస్తా" అన్నాడు. పది రూపాయల వాషరు. కారు తీద్దామంటే మబ్బు పట్టి ఉంది, సిరామిక్ కోటింగ్ వేయించి నాలుగు రోజులే అయింది, వారం దాకా చుక్క పడకూడదు. అందుకని మా ఆవిడ స్కూటీ తీశాను. ముందు టైరులో గాలి సగమే ఉంది, సెల్ఫు పనిచేయడం లేదు, అద్దం ఒకటి లేదు. ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగితే "మూడు నెలలుగా చెబుతున్నా" అంది. అలవాటు కొద్దీ ఎడమవైపు ఒంచి, నిలబెట్టి, నాలుగు కిక్కులు కొట్టాను. ఎనిమిదో కిక్కుకి కదిలింది.

హార్డ్‌వేర్ కొట్లో పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "సైజెంత బాబూ? అర ఇంచా, ముప్పావు ఇంచా?" అని అడిగాడు.

"215/60, ఆర్ 17" అన్నాను.