ఏది తక్కువైతే అది

విమానం రద్దయిన ప్రయాణికుడిని మన చట్టం ఎంత ప్రేమగా చూసుకుంటుందో తెలియాలంటే విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ నిబంధనను పైకి చదవాలి. గంటలోపు ప్రయాణమైతే 5,000 రూపాయల పరిహారం, రెండు గంటల వరకు 7,500, అది దాటితే 10,000. టికెట్ పైసల వాపసు దీనికి అదనం. ఇక్కడిదాకా గట్టిగా చదివి, మిగతాది గొణగాలి: లేదా వన్‌వే బేస్ ఫేర్ (పన్నులు కలపని టికెట్ ధర), ఇంధన చార్జీ కలిపి ఎంతైతే అంత, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. శంషాబాద్ నుంచి ఢిల్లీకి ఆఫర్లో 3,200 బేస్ ఫేర్‌కే టికెట్ దొరికిందని మురిసిన మిర్యాలగూడ మనిషికి, ఇంధన చార్జీ విడిగా లేకుంటే, ఆ 3,200 మాత్రమే. చవగ్గా కొన్న పాపం ఊరికే పోతుందా?

రెండు వారాల ముందే చెప్పి, వేరే విమానమో వాపసో ఇస్తే ఆ పరిహారం కూడా లేదు. చెప్పడమంటే టికెట్ మీదున్న నంబరుకు మెసేజ్ పంపడం. దేవరకొండలోనో జడ్చర్లలోనో జిరాక్స్ సెంటర్‌లో టికెట్ తీయించుకుంటే ఆ అన్న తన నంబరే కొడతాడు. రద్దు మెసేజ్ వచ్చినప్పుడు ఆయన ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తుంటాడు. సరైన నంబరు ఇవ్వనివారికి పరిహారం లేదని నిబంధనలోనే ఉంది. కాబట్టి మీ నంబరు, మీ మెయిల్ పడ్డాయో లేదో చూశాకే దుకాణం మెట్లు దిగండి.

ఇక అన్ని తాళాలకూ సరిపడే చెవి ఒకటుంది, దాని పేరు అసాధారణ పరిస్థితులు. వరద, అల్లర్లు, సమ్మె, వాతావరణం, ప్రభుత్వ ఉత్తర్వు ఇందులోకి వస్తాయి, వీటివల్ల రద్దయితే పరిహారం లేదు. హైదరాబాద్‌లో మొదలైన ఒక కేసులో పొగమంచు ఆలస్యానికి విమాన సంస్థ పరిహారం కట్టక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. మంచు మీద కేసు గెలవలేం, ఒప్పుకుందాం. అయితే 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయింది పైలట్ల డ్యూటీ నిబంధనల దగ్గర. పైలట్ కూడా నిద్రపోతాడన్న ఆ రహస్యాన్ని, అంటే పైలట్ల విశ్రాంతి కోసం తెచ్చిన ఆ నిబంధనలను, సర్కారు 2024 జనవరిలోనే బయటపెట్టింది. రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించే అంకం అమలైంది 2025 నవంబరులో. దాదాపు రెండేళ్ల ముందు తెలిసిన సంగతి అసాధారణం ఎట్లయితది? కేసు వేస్తే వినియోగదారుల కమిషన్ ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. అందుకు కౌంటర్లో రద్దు కారణం రాయించుకోవాలి. రాయరు. యాప్‌లో కనిపించిన ప్రతి కారణానికీ టైముతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. పొద్దున వాతావరణం, మధ్యాహ్నం సాంకేతిక లోపం అన్నారంటే మీ కేసును వాళ్లే సగం రాసిపెట్టినట్టు.

కంగారులో మీరే రద్దు నొక్కారో, అది మీ రద్దు, దాని చార్జీలు మీవి. వాళ్లు రద్దు చేసేదాకా ఆగాలి. తర్వాత యాప్ ఎంతో ఆప్యాయంగా క్రెడిట్ షెల్ చూపిస్తుంది, అంటే మీ పైసలు వాళ్ల దగ్గరే ఉంచి మరో టికెట్‌కు వాడుకొమ్మనడం. అది తీసుకోవాలో వద్దో నిర్ణయం మీదేనని డీజీసీఏ రాసింది, నగదే అడగండి. క్రెడిట్ కార్డుతో కొంటే ఏడు రోజుల్లో రావాలి. క్యాబు, లాడ్జి, కొత్త టికెట్ బిల్లులు పారేయొద్దు.

ముందు సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్, ఆపై విమాన ప్రయాణికుల ఫిర్యాదులకు సర్కారు పెట్టిన ఎయిర్‌సేవా, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్. అక్కడ మీకో నంబరు దొరుకుతుంది, కొందరికి న్యాయం కూడా దొరుకుతుంది. దొరకనివారు రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షలు దాటకుంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. మనోవేదనకు కోటి అడగకండి, బిల్లులున్నంత అడిగి దానిపై కొంత వేసుకోండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం ఆశ.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఒక ముచ్చటైన సెక్షన్ ఉంది, 34. కేసు మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. అంటే నల్లగొండ మనిషి నల్లగొండలోనే వేస్తాడు. వీడియోలో విచారణ కుదరకపోతే కంపెనీ లాయరుగారు పంతంగి టోల్‌గేటు క్యూలో నిలబడి, నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగి రావాల్సిందే. ఆ దారిలో విమానం లేదు.