నల్లమలలో వేసవి పని: కుర్రకారుకు ఏం అప్పగించాలి?

2019లో యురేనియం తవ్వకాల మాట వినబడగానే 'సేవ్ నల్లమల' అంటూ పాలమూరు, నల్లగొండ యువత గొంతెత్తింది. ఆ ఏడాది సెప్టెంబరు 16న తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. అడవి మీద ఆ ప్రేమ నిజమైనదే. దానికి చేతినిండా పని చూపించడమే మనకింకా చేతకాలేదు. ఎండాకాలంలో 'అడవి కోసం ఏదైనా చేస్తాం' అని ముందుకొచ్చిన పిల్లలకు చాలాసార్లు దక్కేది ఒక టోపీ, ఒక బ్యానరు, నాలుగు మొక్కలు, ఒక గ్రూపు ఫొటో. నల్లమల రాతినేలలో మే నెలలో నాటిన మొక్క తొలకరి దాకా బతకదు. బతికించాలని ట్యాంకరు నీళ్లు పోస్తే ఆ మేరకు దుప్పులకు తగ్గుతాయి.

అడవి పనులకు ఒక పంచాంగం ఉంది. మన శిబిరాలు మాత్రం కాలేజీ సెలవులను చూసుకుని నడుస్తాయి. ఈ రెంటినీ కలపనంత కాలం వచ్చిన పిల్లలు అటవీ సిబ్బందికి అదనపు భారమే అవుతారు.

ఇలాంటి వేసవి కార్యక్రమాలకు పేరుపడ్డ అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ 1933 నుంచి 1942 దాకా నడిచిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో కుర్రాళ్లకు నెలకు 30 డాలర్లిచ్చి, అందులో 25 నేరుగా ఇంటికి పంపేవాళ్లు. 1970 నాటి చట్టంతో మొదలైన యూత్ కన్జర్వేషన్ కోర్ 15 నుంచి 18 ఏళ్ల పిల్లలను వేసవిలో నేషనల్ పార్కుల్లో పనికి పెట్టుకుంటుంది. కాలిబాటలు, కంచెలు బాగుచేయిస్తుంది, కూలీ ఇస్తుంది. ఎల్లోస్టోన్ లాంటి చోట జూన్ నుంచి ఆగస్టు వరకు మంచు కరిగి, ఒళ్లు వంచి పనిచేయడానికి హాయైన రోజులు. మన దగ్గర వేసవి అంటే ఆకు రాలి, వాగులు ఇంకి, 42 డిగ్రీల ఎండలో అగ్గిపుల్లకే అడవి అంటుకునే కాలం. అక్కడి నమూనాను దించుకుంటే పనికిరాదు. తెచ్చుకోదగ్గవి రెండే: పనికి కూలీ ఇవ్వడం, చిన్న జట్టుకు తెలిసిన నాయకుణ్ని పెట్టడం. ('కోర్'ను 'దళం' అంటే నల్లమలలో నక్సలైట్ల దళమనే అర్థం వస్తుంది కనుక జట్టు అనే అందాం.)

తెలంగాణలో నేషనల్ పార్కులు మూడే. కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాదులోనో, దాన్ని ఆనుకునో ఉన్నాయి. అక్కడ సమస్య గోడలు, చెత్త, ఉదయపు నడకవాళ్లు. నిజంగా చేతులు కావలసింది నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో.

అక్కడ అన్నిటికంటే ముందు చూడాల్సింది నిప్పు. ఫిబ్రవరి నుంచి మొదటి వానల దాకా దాని భయమే. నల్లమల తనంతట తాను అంటుకోవడం అరుదు, దాదాపు ప్రతి మంట వెనకా మనిషి ఉంటాడు. ఇప్పపువ్వు నేలమీద కనబడాలని చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు, తునికి చిగురు బాగా వస్తుందని అంటించేవాళ్లు, కొత్త గడ్డి కోసం ఆశపడే పశువుల కాపరులు, శ్రీశైలం రోడ్డు మీద కారు కిటికీలోంచి సిగరెట్ విసిరేవాళ్లు, సలేశ్వరం దారిలో పొయ్యి ఆర్పకుండా వెళ్లేవాళ్లు. అభయారణ్యంలో నిప్పు పెట్టడమే కాదు, రాజేసిన నిప్పును ఆర్పకుండా వదిలేయడమూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం నేరమే.

మంటను ఆపేది ఫైర్ లైన్. చలికాలం చివర గడ్డి, పొదలు కోసి, గాలి లేని వేళ సిబ్బంది దగ్గరుండి కాల్చి, ఖాళీ పట్టీ తీస్తారు. ఈ పనిలో అనుభవం లేని కుర్రాళ్లకు చోటు లేదు, ఉండకూడదు. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. టేకు, నల్లమద్ది, బిల్లుడు ఆకు రాల్చడం జనవరితో ఆగదు. మార్చి నెలాఖరుకు శుభ్రం చేసిన పట్టీ మీద మళ్లీ ఎండాకు పరుచుకుంటుంది. కాగితం మీద ఫైర్ లైన్ ఉంటుంది, నేల మీద నిప్పుకు వంతెన ఉంటుంది. దాన్ని మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు మూడుసార్లు ఊడవడమే జట్లకు అసలైన పని. ఐదు మీటర్ల వెడల్పున కిలోమీటరు పొడవంటే 5,000 చదరపు మీటర్లు. పది మంది దంతెలు పట్టి నాలుగు గంటల్లో ముగించాలంటే మనిషికి గంటకు 125 చదరపు మీటర్లు వస్తుంది. ఆకు పలుచగా ఉన్నచోట సాధ్యమే, వాలు నేలలో సగమే అవుతుంది. బ్లోయర్ ఉంటే పని ఎన్నో రెట్లు వేగమవుతుంది. అయితే ఇంజను వేడి మీద ఉండగా పెట్రోలు పోయడం, ఎండాకు మీదే దాన్ని దించడం అలవాటైతే మంటలార్పే జట్టే మంట పెట్టినట్టవుతుంది.

కొత్తవాళ్లు చేసే మరో తప్పు, ఊడ్చిన ఆకునంతా పట్టీ అంచున కుప్పపోయడం. మంట అక్కడికి రాగానే కుప్ప భగ్గుమని నిప్పురవ్వలను అవతలి గట్టుకు విసురుతుంది. ఆకును రెండు వైపులా అడవి లోపలికి పలుచగా చల్లాలి. పట్టీకి అడ్డంగా పడి ఉన్న మొద్దును తప్పకుండా తొలగించాలి, అది నెమ్మదిగా రాజుకుంటూ రాత్రికి నిప్పును అటువైపు దాటిస్తుంది. అంచున ఎండిపోయి నిలబడ్డ తొర్ర చెట్టును మాత్రం కొట్టొద్దు. అందులో గుడ్లగూబో ఉడుమో ఉండొచ్చు. గుర్తుపెట్టి బీట్ ఆఫీసరుకు చెబితే చాలు.

మంటనార్పడానికి శిబిరం పిల్లలను పంపొద్దు. మంట వాలు పైకి ఎక్కేటప్పుడు మనిషి కంటే వేగంగా పోతుంది. పైన నిలబడి కొమ్మలతో కొట్టబోయేవాడికి తప్పించుకునే దారి ఉండదు. నైలాన్, పాలిస్టర్ బట్టలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి కనుక పొగ కనబడని రోజున కూడా నూలు బట్టలే వేసుకోవాలి. ఉపగ్రహ హెచ్చరికల విషయంలో వాళ్లు బాగా పనికొస్తారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే సమాచారంలో ఒక్కో చుక్క 375 మీటర్ల గడి, అది కచ్చితమైన స్థలం కాదు. ఏ గట్టు, ఏ కుంట, దారి ఎటు అన్నది మ్యాపులో పోల్చుకుని వైర్‌లెస్‌లో చెప్పగల ఇద్దరు బేస్ క్యాంపులో ఉంటే వాచర్లకు గంట నడక ఆదా అవుతుంది.

రెండోది నీళ్లు. అడవి జంతువులు తాగడానికి నీళ్లు నింపే సాసర్ పిట్ అంటే పైకి ఏముంది, సిమెంటు పళ్లెమే కదా అనిపిస్తుంది. లెక్క చూడాలి. మూడు మీటర్ల వ్యాసం, నడుమ 45 సెంటీమీటర్ల లోతు, అంచులకు వచ్చేసరికి వాలు. ఇందులో పట్టేది సుమారు వెయ్యి లీటర్లు. మే ఎండకు రోజుకు 10 మిల్లీమీటర్లు ఆవిరైనా నిండుగా ఉన్నప్పుడు 70 లీటర్లు సూర్యుడే తాగుతాడు. ఏ జంతువూ మూతి పెట్టకపోయినా వారానికి సగానికి దగ్గరగా పోతుంది. 'వారానికో ట్యాంకరు' అనే పద్ధతి ఏప్రిల్ మొదట్లో సరిపోవచ్చు, మేలో కుదరదు. అందుకే జట్టు చేయాల్సిన మొదటి పని పుల్లకు గీతలు పెట్టి, రోజూ ఒకే వేళకు నీటి మట్టం కొలవడం. చుట్టూ జంతువుల అడుగులు లేకపోయినా ఆవిరికి మించి దిగుతోందంటే పగులుందన్న మాట.

పగుళ్లను మేలో పూడ్చబోతే సిమెంటు ఆరీ ఆరకముందే మళ్లీ చిట్లుతుంది. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుకతో ఫిబ్రవరిలోనే పూడ్చి, తడి గోనె సంచులు కప్పి కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి. కొత్త సిమెంటులో మొదటిసారి నింపిన నీళ్లు సున్నపు ఘాటుతో ఉంటాయి, వాటిని పారబోయాలి. శుభ్రం చేసేటప్పుడు పాచిని గట్టి బ్రష్షుతో గీకితే చాలు, బ్లీచింగ్ పౌడరూ సబ్బూ వద్దు. అంచు నిటారుగా ఉన్న తొట్టి అయితే లోపల రాళ్లు మెట్లలా పేర్చాలి. లేదంటే తేనెటీగల నుంచి కొండగొర్రె పిల్లల దాకా పడి చస్తాయి. నీళ్ల దగ్గర చచ్చిన పిట్టలు కనబడితే నీళ్లు తాకకుండా వెంటనే కబురు చేయాలి. వేటగాళ్లు యూరియా కలపడం మన దేశపు అడవుల్లో తెలిసిన పన్నాగమే. తొట్టికి వచ్చే జంతువుల దారుల్లో మోకాలెత్తున తీగ ఉచ్చులు వెతకడమూ ఇందులో భాగమే.

ట్యాంకరు పోని చోట చెలిమెలు తీయాలి. వాగు ఇసుకలో ఎక్కడ తవ్వితే చెమ్మ తగులుతుందో చెంచులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక వైపు తప్పనిసరిగా వాలుగా తవ్వాలి, దుప్పి పిల్ల దిగి ఎక్కేటంత.

అడవిని ఆక్రమించే లాంటానా అనే కలుపు పొదను తీయడం ఎండాకాలం పని కాదు. అయినా ఫొటోకు బాగుంటుందని దీన్నే మే నెలలో పెడతారు. గట్టి నేలలో గడ్డపార దిగక నేలకు సమంగా నరికేసి వెళితే తొలకరికి అదే మొదలు నుంచి పది పిలకలు వస్తాయి. తల్లివేరును నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద కోసి, పొదను తలకిందులుగా తిప్పి ఎండబెట్టాలి. ఈ పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం రూపొందించింది. నేల మెత్తబడే జూన్ రెండో భాగంలో చేస్తే సగం శ్రమతో అవుతుంది. జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రిజర్వ్ మూత సందర్శకులకే, అనుమతి ఉన్న పనికి కాదు. పొద తీసిన చోట అదే వానల్లో గడ్డి విత్తనం చల్లకపోతే ఆ ఖాళీలో వయ్యారిభామ దిగుతుంది. పండ్లు తిన్న పిట్టలు పెద్ద చెట్ల కొమ్మల మీద వాలి విత్తులు రాలుస్తాయి కనుక, తర్వాతి రెండు మూడేళ్లూ ఆ చెట్ల కింద మొలకలు పీకుతూనే ఉండాలి.

మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రోడ్డు పక్కన ప్లాస్టిక్ ఏరడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మెరిసే జాకెట్ వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడవాలి, పగిలిన సీసాలకు మందపాటి గ్లౌజులుండాలి. ఏరినదాన్ని తూచి, ఏ మలుపులో ఎంత దొరికిందో రాస్తే మరుసటి నెల డబ్బా ఎక్కడ పెట్టాలో, జరిమానా ఎక్కడ వేయాలో తెలుస్తుంది. కోతులకు అరటిపళ్లు విసిరే చోటే ఎక్కువ కవర్లు దొరకడం ఖాయం.

ఇక మనుషుల సంగతి. 18 ఏళ్లలోపు వాళ్లను ఇలాంటి ప్రమాదకరమైన పనికి పెట్టుకోవడం మన బాలకార్మిక చట్టానికి ఒప్పదు, అమెరికా వయసు ఇక్కడ చెల్లదు. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోయే పిల్లల్లో చాలామందికి 17 ఏళ్లే. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ విద్యార్థులకు సెలవులొచ్చేసరికి ఆకు ఊడ్చే కాలం దాటిపోతుంది. కాబట్టి ఒక్క శిబిరం చాలదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అమ్రాబాద్, పదర, లింగాల, చందంపేట మండలాల స్థానిక యువత, మే, జూన్ నెలల్లో డిగ్రీ విద్యార్థులు. మొదటివాళ్లకు నిప్పు పట్టీలు, రెండోవాళ్లకు నీళ్లు, రోడ్డు, చివర లాంటానా.

కూలీ ఇవ్వకుండా 'స్వచ్ఛంద సేవ' అంటే వచ్చేది ఇంట్లో గడిచే పిల్లలే. ఆ వేసవిలోనే వలస పోయి హైదరాబాదులో సెంట్రింగ్ పనికి ఎక్కే పాలమూరు కుర్రాడు రాడు. 2024–25లో ఉపాధి హామీ రోజు కూలీ తెలంగాణలో 300 రూపాయలు. అదే లెక్కన పది మందికి 24 పని దినాలకు 72,000. ఇద్దరు నాయకులకు రోజుకు 500 చొప్పున 24,000. పన్నెండు మందికి 28 రోజుల భోజనం, మనిషికి రోజుకు 150 చొప్పున 50,400. మొత్తం 1,46,400. పనిముట్లు, బీమా, డీజిలు కలిపినా ఒక జట్టుకు రెండు లక్షల చుట్టే ఆగుతుంది.

ఆ ఇద్దరు నాయకులు చెంచులై ఉండాలి. మర్యాద కోసం అంటున్న మాట కాదిది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్టు కింద ఎలుగుబంటి ఉంటుంది. చల్లగా ఉంటుందని జట్టును ఐదింటికే నడిపించే పట్నపు నిర్వాహకుడికి ఆ సంగతి తట్టదు. బాగా వెలుగొచ్చాక బయల్దేరి, పదిన్నరకు ఆపేసి, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత రెండు గంటలు, అంతే పని. మనిషికి గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు నీళ్లు కావాలి. చెమట పడుతున్నా ఆగిపోయినా, ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ, నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా తడుపుతూ బండి పిలవాలి. ఓఆర్ఎస్ పొట్లంతో సరిపెట్టొద్దు. పాము కాటుకు కట్లు, కోతలు వద్దు, కాలు కదలకుండా ఆసుపత్రికి చేర్చడమే. ఆ బండి ఎక్కడుంటుంది, సిగ్నల్ ఏ గుట్ట మీద దొరుకుతుంది అన్నవి మొదటి రోజే తేల్చుకోవాలి.

చెంచుల వైపు నుంచి ఒక ఇరకాటం ఉంది. పులుల కోసం కేటాయించిన నడి అడవి, అంటే కోర్ ఏరియాలోని కుటుంబాలకు 15 లక్షల ప్యాకేజీ చూపి బయటికి రమ్మని అడిగే వ్యవస్థే, అదే పెంట (చెంచు గూడెం) మనిషిని పిలిచి పట్నం పిల్లలకు అడవి నేర్పమంటోంది. సార్లపల్లిలోనో అప్పాపూర్‌లోనో దీన్ని అనుమానంగా చూస్తే తప్పుపట్టలేం. నాయకుడి కూలీ అతని ఖాతాలో వారం వారం పడాలి, ఏ రోజు ఎంత దూరం అన్న నిర్ణయం అతనిదై ఉండాలి. లేదంటే అతను దారి చూపే కూలీగా మిగిలిపోతాడు.

చివరి రోజు సర్టిఫికెట్ల సభ ఎలాగూ ఉంటుంది. దానికి ముందు రేంజ్ ఆఫీసరుకు అప్పగించాల్సింది ఒక రిజిస్టరు. ఏ సాసర్ ఎన్ని రోజులకు ఎంత దిగింది, ఏది కారుతోంది, ఏ ఫైర్ లైన్ ఏ తేదీల్లో ఊడ్చారు, లాంటానా తీసిన మడి నాలుగు మూలల జీపీఎస్ అంకెలు, తొర్ర చెట్ల జాబితా. వచ్చే ఏడాది జట్టు దిగగానే మొదటి ఉదయం వెళ్లాల్సింది పాత మడికే, మొలకలు లెక్కపెట్టడానికి.