ఐదోవంతు అబద్ధం

శ్రీయుత పళ్లెం-కొవ్వొత్తి-గాజుగ్లాసు ప్రయోగం గారికి,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే మా వైపు కుశలం అంతంతమాత్రం. అత్తయ్య పెళ్లినాటి ఆరు గ్లాసుల్లో ఇప్పుడు ఐదే ఉన్నాయి.

తమరు నాకు కొత్త కాదు. ఏడో తరగతిలో తమరి బొమ్మ గీసి, కింద ‘ఆమ్లజని వినియోగింపబడుటచే నీరు ఐదవ వంతు పైకెక్కెను’ అని (ఆమ్లజని అంటే ఆక్సిజనే లెండి) బట్టీపట్టింది దించి ఫుల్ మార్కులు కొట్టేశాను. (వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, పర్లాకిమిడిలో కూర్చుని ఇప్పుడా వాక్యం తలుచుకుంటే సిగ్గేస్తోంది.) పిల్లని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను కదా, అదే జవాబు దానికీ అంటగడదామనుకున్నాను.

నీళ్లు కనబడాలని పసుపు కలిపి పళ్లెంలో పోసి, కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లించాను. ఎదురింటి ఒడియా పిల్లాడు గుమ్మంలోంచి ‘పాణి ఉఠిలా!’ (నీళ్లు పైకి లేచాయి!) అని ఒకటే కేక. నేను గొంతు సవరించుకుంటుండగా మా తొమ్మిదేళ్లది అడిగేసింది: ‘అమ్మా, మంట ఉన్నంతసేపూ ఎక్కని నీళ్లు ఆరిపోయాక గబుక్కున ఎక్కాయేం? మొదట్లో గ్లాసు అంచు కిందనుంచి ఆ బుడగలేంటి?’

ముందు అన్నం తిను అన్నాను.

తిన్నాక కూడా వదల్లేదు. రెండు కొవ్వొత్తులు పెట్టించింది. నీళ్లు ఇంకా పైకెళ్లాయి. గ్లాసు అదే, అందులో గాలి అదే, ఆక్సిజన్ 21 శాతమూ అదే, మరి ఎక్కువెందుకెక్కాయండీ? మూడు పెట్టేసరికి ఆ గ్లాసు కాస్తా ఠప్పుమంది.

అసలు సంగతి వేడిది. వేడికి గాలి ఉబ్బి కొంత బుడగలుగా బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలింది చల్లబడి ముడుచుకుంటుంది, అప్పుడు బయటి గాలి నీళ్లని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ ఖర్చవదని కాదు, కానీ అదంతా అయిపోకముందే తమరి మంట ఆరిపోతుంది, పైగా ఖర్చయినదాని చోట కార్బన్ డయాక్సైడ్ వచ్చి కూర్చుంటుంది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది! ఉద్యోగం చేసే రోజుల్లో ఇలాంటివి చాలా చూశాను గానీ సైన్సు పుస్తకంలో కూడానా?

ఇంకా దులిపేద్దునుగానీ పెరట్లోంచి అత్తయ్య అరుస్తున్నారు. పసుపునీళ్లు పడ్డ తెల్లచీరకి సబ్బు రాస్తే మరక ఎర్రబడిందట. పిల్ల నిమ్మచెక్క పట్టుకుని పరిగెత్తింది.

ఇట్లు,
ఒక గ్లాసు బాకీదారు