ప్లేస్‌మెంట్ శాతం గారికి, మీ మాజీ సేవకుడు రాసుకున్నది

మహారాజశ్రీ ప్లేస్‌మెంట్ శాతం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి.

ఆ మాట రాశాక కాసేపు కలం ఆగింది. మీ కుశలానికి లోటేమీ లేదు. శిక్షణ కేంద్రం గేటు మీద, బ్రోషర్ అట్ట మీద, వార్షిక నివేదిక మొదటి పేజీలో మనిషి తలకాయంత అంకెల్లో వెలిగిపోతున్నారు. ఉభయంలో మిగతా సగం సంగతి చెబుదామనే ఈ ఉత్తరం.

నేను మీకు తెలియకపోవచ్చు. మీరు నాకు బాగా తెలుసు. పని దొరకడం కష్టమైనవాళ్లకి పని నేర్పి, ఉద్యోగంలో పెట్టే ఒక సంస్థలో ఆరేళ్లు ట్రైనర్‌గా చేశాను. కష్టమైనవాళ్లంటే చూపు లేనివాళ్లు, వినబడనివాళ్లు, మానసిక జబ్బుకి మందులు వాడుతున్నవాళ్లు, జైలు నుంచి వచ్చినవాళ్లు, చదువు మధ్యలో ఆగినవాళ్లు, పిల్లల్నో మంచం పట్టిన పెద్దల్నో చూసుకుంటూ పదేళ్లు ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు. సంస్థ పెట్టిందే వీళ్ల కోసమని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఎదురుగోడ మీద మీరుంటారు. ఆరేళ్లూ మా కుర్చీలు మీ వైపే తిరిగి ఉన్నాయి.

మీ సేవ బ్యాచ్ మొదలుకాక ముందే మొదలయ్యేది. అడ్మిషన్ రోజున ఒక గదిలో కౌన్సెలింగ్ జరుగుతుంది. వచ్చినవాళ్లకి అది కౌన్సెలింగ్, మాకు వడపోత. మనిషి బయటికి వెళ్లి తలుపు పడగానే మా మేనేజర్ అడిగే ప్రశ్న ఒక్కటే: “ప్లేస్ అవుతాడా?” ఈ మనిషికి మన అవసరం ఎంతుంది అని ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అడిగితే మీరు నొచ్చుకుంటారు.

ఒక రోజు ఇద్దరొచ్చారు. మొదటి కుర్రాడు డిగ్రీ చదివాడు, గలగలా మాట్లాడతాడు, ఒక కాలు కొంచెం ఈడుస్తాడు, ఉద్యోగం మానేసి నాలుగు నెలలైంది. రెండో ఆయనకి నలభై రెండేళ్లు. ఆరేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. లోపల వెల్డింగ్ నేర్చుకున్నాడట, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చూపించాడు. ఏ ప్రశ్న అడిగినా ముందు నేల వైపు చూసి, ఆ తర్వాత జవాబు చెబుతున్నాడు. కుర్రాడికి ఆ రోజే సీటిచ్చేశాం. పెద్దాయనకి “తర్వాతి బ్యాచ్‌కి ఫోన్ చేస్తామండీ” అన్నాం. ఆ ఫోన్ చేసే డ్యూటీ నాది.

కుర్రాడికి మూడు నెలలు శిక్షణ ఇచ్చాం. అతనికి వచ్చినవే మళ్లీ నేర్పాం. అతను కూడా మర్యాద కొద్దీ మళ్లీ నేర్చుకున్నాడు. నాలుగో నెలలో ఉద్యోగమొచ్చింది. మా దగ్గరికి రాకపోయినా వచ్చేదే, బహుశా ఓ రెండు నెలలు ముందే వచ్చేది. కానీ గ్రూప్ ఫొటోలో మా డైరెక్టర్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ చిన్నప్పుడు విన్నాం కదా. ఆవిడ దగ్గర వార్షిక నివేదిక ఒక్కటే తక్కువ.

ఇది మా ఒక్క సంస్థ తెలివి అనుకునేరు. ఈ రంగంలో దీనికి ‘క్రీమింగ్’ అని ముద్దుపేరు కూడా ఉంది: పాల మీద మీగడ తీసుకోవడం. దానికి జంటగా ‘పార్కింగ్’ అని ఇంకొకటి. కష్టమైన మనిషిని రిజిస్టర్లో రాసుకుని, బండి పక్కన పెట్టినట్టు ఓ మూలన పెట్టేయడం. బ్రిటన్‌లో 2011లో నిరుద్యోగుల్ని పనిలో పెట్టడానికి ప్రభుత్వం వర్క్ ప్రోగ్రామ్ అని మొదలుపెట్టినప్పుడు ఈ రెండు జబ్బులూ ముందే ఊహించి, కష్టమైన వర్గాలవాళ్లని పనిలో పెట్టిన సంస్థలకి ఎక్కువ డబ్బు ఇస్తామన్నారు. అయినా జబ్బు పోలేదు. ఎక్కువ డబ్బు వచ్చే కష్టమైన మనిషి కన్నా తక్కువ డబ్బు తొందరగా వచ్చే తేలికైన మనిషే లాభమని లెక్క తెలిసినవాడెవడికైనా అర్థమవుతుంది. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ లెక్కలు వచ్చు.

అసలు మీ లెక్క గురించే మాట్లాడుకుందాం. బళ్లో భిన్నాలు చెప్పేటప్పుడు పైన లవం, కింద హారం అన్నారు. మాస్టారు మా దృష్టంతా లవం మీదే పెట్టించారు. ఉద్యోగంలో చేరాక తెలిసింది, అసలు విద్యంతా హారంలో ఉందని. నలభై మంది చేరారనుకోండి. పదిమంది మధ్యలో ఆగిపోయారు. ఆగిపోయినవాళ్లు ‘డ్రాపౌట్’, అంటే మా బాధ్యత కాదు, హారంలోంచి తీసేయొచ్చు. మిగిలిన ముప్ఫైలో ఇరవైనాలుగు మందికి ఆఫర్ లెటర్ వచ్చింది. ఎనభై శాతం! చేరిన నలభైతో భాగిస్తే మీరు అరవైకి పడిపోతారు. ఆఫర్ లెటర్ తీసుకున్నవాళ్లలో మూడు నెలల తర్వాత కూడా పని చేస్తున్నవాళ్లు పన్నెండు మందే అయితే ముప్ఫైకి. ఒకే బ్యాచ్, అవే మొహాలు, మూడు రకాల మీరు. హారం ఎంత చిన్నదైతే డైరెక్టర్ గారి మెడలో హారం అంత పెద్దది.

ఆ పదిమంది ఎందుకు ఆగిపోయారో అడగడానికి మా ఫారంలో గడి లేదు. నాకు తెలిసినంతలో ఇద్దరికి బస్సు ఖర్చు లేదు, ఒకామెకి బిడ్డని చూసుకునేవాళ్లు లేరు, ఒకతనికి కొత్త మందు పడక పొద్దున లేవలేకపోయాడు. ఎవరి కోసం సంస్థ పెట్టారో సరిగ్గా వాళ్లే, సరిగ్గా ఆ కారణాలకే, హారంలోంచి దిగిపోయారు.

మీ వంశచరిత్ర కూడా కాస్త చదివాను. అమెరికాలో 1982లో జాబ్ ట్రైనింగ్ పార్ట్‌నర్‌షిప్ యాక్ట్ అని చట్టం తెచ్చి, శిక్షణ ఇచ్చే ఏజెన్సీలకి మీలాంటి అంకెల్ని బట్టే బహుమతులు పెట్టారు. పాస్కల్ కోర్టీ, జెరాల్డ్ మార్ష్‌కే అనే ఆర్థికవేత్తలు తర్వాత ఆ రికార్డులు తిరగేశారు. శిక్షణ అయిపోయినా ఉద్యోగం రానివాళ్లని ఏజెన్సీలు పుస్తకాల్లోంచి కొట్టేయకుండా అట్టే పెట్టి, అంకెకి దెబ్బ తగలని ముహూర్తం చూసి పంపించేవట. మంచిరోజు చూసుకోవడం మనకొక్కరికే తెలుసనుకున్నాను. 2000లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జేమ్స్ హెక్‌మన్ కూడా సహచరులతో కలిసి అదే కార్యక్రమం మీద లెక్కలు కట్టారు. శిక్షణ ముగిసిన కొద్ది వారాల్లో కనబడే అంకెకీ, ఆ శిక్షణ వల్ల మనిషికి కొన్నేళ్లలో ఒరిగిన మేలుకీ పెద్దగా చుట్టరికం తేలలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆయనకి నోబెల్ స్థాయిలో తెలిసింది. మా మేనేజర్ ఆ పేపర్ చదవలేదు. చదివినా సంతకం పెట్టి ఫైల్లో పెట్టేవాడు.

మిమ్మల్ని పెంచడానికి క్లాసులో ఏం చెప్పేవాళ్లమో కూడా విన్నవించుకోవాలి.

చూపు లేని కుర్రాడొకడు ఉండేవాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాట మనకి అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటాడు, నాకన్నా తొందరగా టైప్ చేస్తాడు. మూడు కంపెనీలకి వెళ్లాడు. మూడు చోట్లా లోపల వాడే సాఫ్ట్‌వేర్‌లో బటన్లకి పేర్లు పెట్టలేదు. స్క్రీన్ రీడర్‌కి ప్రతిదీ “బటన్, బటన్, బటన్” అనే వినబడుతుంది. ఏది సేవ్, ఏది డిలీట్ అన్నది దైవాధీనం. అతను తిరిగొచ్చి ఈ మాట చెప్పాడు. మేం మీటింగ్ పెట్టుకుని తీవ్రంగా ఆలోచించి, అతన్ని కాన్ఫిడెన్స్ బిల్డింగ్ క్లాసుకి పంపించాం. బటన్‌కి పేరు పెట్టాల్సినవాడు కంపెనీలో హాయిగా ఉన్నాడు, ఆత్మవిశ్వాసం పెంచుకోవాల్సినవాడు మాత్రం మా దగ్గర రెండో వారం కూడా అద్దంలో చూసుకుని నవ్వడం ప్రాక్టీసు చేస్తున్నాడు. అద్దం సంగతి నేను కల్పించలేదు. సిలబస్‌లో ఉంది, మార్చడానికి మాకు పర్మిషన్ లేదు.

ఇంకొకామె పదకొండేళ్లు తల్లిని చూసుకుంది. ఇంజక్షన్ల టైములు, ఆస్పత్రి కాగితాలు, అర్ధరాత్రి జ్వరాలు, తాత్సారం చేసే బంధువులు, అన్నీ ఒంటిచేత్తో నడిపింది. రెజ్యూమె క్లాసులో ఇదంతా కలిపి ఒక్క వరస అయింది: ‘కెరీర్ గ్యాప్: 11 సంవత్సరాలు.’ దాన్ని ఎలా దాచాలో రెండు గంటలు నేర్పాను. కుట్టుపని, కంప్యూటర్, రిటైల్ అని అప్పటికే మూడు చోట్ల మూడు కోర్సులు చేసింది. ఎక్కడికి వెళ్లినా అనుభవం ఉందా అంటారు, అనుభవం కావాలంటే ఎవరైనా పనిలో పెట్టుకోవాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. సర్టిఫికెట్లు నలక్కుండా ఉండటానికి ఒక ఫైలు కొనుక్కుంది. వాటన్నిట్లో ఆ ఫైలే కాస్త పనికొచ్చే వస్తువు.

అడ్డుగోడ అవతలివైపు ఎంత గట్టిదో చూపించిన ప్రయోగం ఒకటుంది. డీవా పేజర్ అనే సమాజశాస్త్రవేత్త అమెరికాలోని మిల్వాకీలో చేసి, 2003లో ప్రచురించారు. అర్హతలు సమానంగా ఉండేలా తయారుచేసిన యువకుల్ని ఉద్యోగాలకి పంపించారు. కొందరి కాగితాల్లో మాత్రం జైలుకి వెళ్లొచ్చినట్టు రాయించారు, అదీ ఉత్తుత్తి జైలే. తెల్లజాతి యువకులకి మచ్చలేని కాగితంతో నూటికి 34 చోట్ల తిరిగి పిలుపొచ్చింది, జైలు మాట ఉంటే 17. నల్లజాతి యువకులకి మచ్చ లేకపోయినా 14, ఉంటే 5. దీనికి మేం ఇచ్చే చికిత్స మాక్ ఇంటర్వ్యూ, ఫర్మ్ హ్యాండ్‌షేక్. ఎదుటివాడు పిలవనే పిలవనప్పుడు ఆ చెయ్యి ఎవరికివ్వాలో నేనే చెప్పలేకపోయేవాణ్ణి.

మీకు కోపం రాదంటే, మీరు లేకుండా, లేదా మీకు ఈ పెత్తనం ఇవ్వకుండా పని నడిచిన చోట్లు కూడా ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని యాంకర్స్‌లో గ్రేస్టన్ అనే బేకరీ ఉంది, 1982లో మొదలైంది. పని కావాలన్నవాళ్లు లిస్టులో పేరు రాసుకోవాలి. వంతు వచ్చినప్పుడు పిలుస్తారు. ఇంటర్వ్యూ లేదు, గతం ఆరా లేదు. పనిలోకి వచ్చాకే నేర్పుతారు. మా సంస్థలో ఈ పద్ధతి పెడితే సగం డిపార్టుమెంట్లు మూసేయాలి, నాదే ముందు.

అలాగే 1990ల మొదట్లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. ముందు నెలల తరబడి ‘సిద్ధం’ చేయడాలు లేవు. పని చేయాలని ఉందంటే చాలు, ఎవర్నీ వడపోయరు. అసలు ఉద్యోగమే వెతికిపెట్టి, చేరాక వెన్నంటి ఉంటారు. యూరప్‌లోని ఆరు కేంద్రాల్లో 312 మందితో దీన్ని పాత పద్ధతితో పోల్చి చూసిన అధ్యయనం 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈ పద్ధతిలో 55 శాతం మంది పనిలోకి వెళ్లారు, మామూలు పునరావాస శిక్షణలో 28 శాతం. మీ దగ్గర దాచడమెందుకు, ఆ లెక్కలో ‘పనిలోకి వెళ్లడం’ అంటే పద్దెనిమిది నెలల్లో కనీసం ఒక్క రోజు చేయడం. అక్కడ కూడా మీ రక్తమే ప్రవహిస్తోంది. అయితే వాళ్లు తలుపు దగ్గర “ప్లేస్ అవుతాడా” అని అడగలేదు. నాకు అదే కావాల్సింది.

చివరగా ట్రాకింగ్ సంగతి. ఉద్యోగంలో చేరినవాళ్లకి తొంభై రోజుల దాకా ఫోన్లు చేయాలి. “హలో అండీ, ఇంకా చేస్తున్నారా? శాలరీ స్లిప్ ఒకటి వాట్సాప్ చేయగలరా?” ముప్ఫయ్యో రోజు, అరవయ్యో రోజు, తొంభయ్యో రోజు. అంతకన్నా ప్రేమగా కన్నతల్లి కూడా ఫోన్ చేయదు. తొంభై ఒకటో రోజు నుంచి ఆ నంబరు మాకెవరో. ఒకసారి తొంభై ఆరో రోజున ఒకతను తనే చేశాడు. సూపర్‌వైజర్ అందరి ముందూ అతని నత్తిని అనుకరించాడట, మానేసి వచ్చేశానన్నాడు. అయ్యో అన్నాను. కానీ అది నోట్లోంచి రావడానికి ముందు నా వేళ్లు కేలండర్ మీద రోజులు లెక్కపెట్టాయి. తొంభై దాటిందని తేలాక వచ్చిన అయ్యో అది. ఆ నెలాఖరుకి మానేశాను.

వెల్డింగ్ తెలిసిన పెద్దాయన నంబరు ఇప్పటికీ నా ఫోన్లో ‘నెక్స్ట్ బ్యాచ్’ అనే పేరుతో ఉంది. ఆ తర్వాత పదకొండు బ్యాచ్‌లు వెళ్లాయి.

ఇట్లు,
మీ రిజిస్టర్లు దిద్దిన చేతితో,
ఒక మాజీ ట్రైనర్

తా.క.: మానేసి ఎనిమిది నెలలైంది, ఇంకా పని దొరకలేదు. ఆ మధ్య పాత మేనేజర్ కనబడి, గ్యాప్ ఉంది కాబట్టి నేనూ అర్హుణ్ణేనని, కొత్త బ్యాచ్‌లో చేరమని అడిగాడు. కౌన్సెలింగ్ కూడా అక్కర్లేదట. డిగ్రీ ఉంది, మాటతీరు బావుంది, ఖచ్చితంగా ప్లేస్ అవుతానట.