మహారాజశ్రీ ‘వచ్చు’ గారికి

ఉభయకుశలోపరి. విశాఖపట్నం నుంచి రాసుకునే విన్నపం ఏమనగా...

ముప్పై ఏళ్లు పిల్లలకు మీ గురించి పాఠం చెప్పాను. ‘ఈత వచ్చు’ అంటే నేర్పు. ‘లోపలికి రావచ్చు’ అంటే అనుమతి. ‘వాన రావచ్చు’ అంటే వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఈ మూడు వేషాలూ ఒక్కరే కడతారని నల్లబల్ల మీద రాసి మరీ చూపించాను. మీకు నాలుగో వేషం ఉందని మాత్రం పింఛను అందుకోవడం మొదలుపెట్టాకే తెలిసింది.

అది కట్టేది రాజ్యాంగంలో, 243డబ్ల్యు అధికరణంలో. 74వ సవరణ పుణ్యమా అని 1993 జూన్ 1న అక్కడ గృహప్రవేశం చేశారు. స్వపరిపాలనకు అవసరమైన అధికారాలను పురపాలక సంస్థలకు రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇవ్వ...వచ్చు. ఆ పక్కనే పన్నెండో షెడ్యూలు పేరుతో 18 అంశాల విస్తరి పరిచారు: పట్టణ ప్రణాళిక, మంచినీళ్లు, రోడ్లు, శ్మశానాలు, బందెలదొడ్లు, వీధి దీపాలు. చదువుతుంటేనే కడుపు నిండుతుంది. వడ్డించే గరిటె మాత్రం మీ చేతిలో ఉంది. ‘ఇవ్వవచ్చు’ అంటే ‘ఇవ్వకపోవచ్చు’ అని కూడానట. నా వ్యాకరణంలో ఇది లేదు.

ఢిల్లీకీ రాష్ట్రానికీ జరిగిన పంపకాల్లో ఇంత మొహమాటం కనబడదు. ఏడో షెడ్యూలులో ఎవరి వాటా వారికి దస్తావేజు రాసినట్టు రాశారు. మా పోర్టు లాంటి పెద్ద రేవులు కేంద్రానివి. లైట్‌హౌసులూ కేంద్రానివే. చేపల సంగతి రాష్ట్రానిది, ప్రాదేశిక జలాలు దాటితే మాత్రం మళ్లీ కేంద్రానిది. అంటే మా ఫిషింగ్ హార్బరులో బయలుదేరిన మరబోటు 12 నాటికల్ మైళ్లు దాటేసరికి, ఇంకా వలలో పడని వంజరం చేపకు కూడా ఏలిక మారిపోతుంది. తన ప్రభుత్వం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చేపకు ఒక గీత ఉంది. మాకు మీరున్నారు. అసలు ‘స్థానిక పాలన’ అనేదే రాష్ట్ర జాబితాలో ఐదో అంశం. వాళ్లిద్దరూ వాటాదారులు, మేం వాటాలోకి వచ్చిన సామాను.

విస్తరిలో మొదటి వంటకం పట్టణ ప్రణాళికనే చూడండి. మా మాస్టర్ ప్లాన్ గీసే వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసినది. దానికి మేం ఓటు వేయలేదు.

మీ స్థానంలో మీ అన్నగారు ‘వలెను’ ఉంటే బాగుపడేవాళ్లమని కొన్నాళ్లు అనుకున్నాను. ఆ భ్రమా తీరింది. 243యు అధికరణంలో ఉన్నది ఆయనే: పాలకవర్గం గడువు ఐదేళ్లు తీరేలోపే ఎన్నికలు ముగియవలెను. గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాతివి 2021 మార్చిలో. 2012 నుంచి తొమ్మిదేళ్లపాటు ప్రత్యేకాధికారుల పాలన. ఆ మధ్యలోనే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ మా మీదుగా తీరం దాటింది. ఊరికి అప్పుడు మేయరు లేరు. తుపాను ‘రావచ్చు’ అన్నారు, వచ్చింది. నా ఎరుకలో మాట నిలబెట్టుకున్న ‘వచ్చు’ అదొక్కటే.

కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చుని పన్ను సంగతులు తేల్చే జీఎస్టీ మండలి ఓట్ల లెక్క మా మనవరాలికి భిన్నాలు నేర్పడానికి పనికొచ్చింది. మూడింట ఒక వంతు కేంద్రానిది, మూడింట రెండు వంతులు రాష్ట్రాలన్నిటిదీ కలిపి. “మరి మన ఊరికి తాతయ్యా?” అంది. కూడి చూడమన్నాను. చూసి, పలక పక్కన పెట్టి ఆటకు వెళ్లిపోయింది.

ఇక నా సొంత గోడు. మా వీధి చివరి దీపం వెలగడం మానేసి చాలా రోజులైంది. ఏ కార్యాలయానికి వెళ్లానో చెప్పను, అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. “వచ్చే వారం వెలగవచ్చు మాస్టారూ” అన్నాడు. నేర్పా, అనుమతా, ఆశా అని అడగబోయాను. ఈలోగా వెనక వరుసలోని వాళ్లు తొందరపెడితే బయటికి వచ్చేశాను.

రాత్రి డాబా ఎక్కితే డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌసు వెలుగు సముద్రం మీద తిరుగుతూ కనిపిస్తుంది. అది కేంద్ర జాబితాలో 26వ అంశం, నేను చూసినంతలో ఒక్క రాత్రీ తప్పలేదు. కింద పన్నెండో షెడ్యూలు 17వ అంశం చీకట్లో ఉంది. మా ఆవిడ టార్చిలైటు పట్టుకుని గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది.

ఇట్లు,
మీకు మూడే అర్థాలు చెప్పిన
ఒక రిటైర్డు తెలుగు మాస్టారు