స్మార్ట్ ట్రైనర్ గారి దివ్యసముఖమునకు

సైకిలును ఇంట్లోనే కదలకుండా నిలబెట్టి తొక్కించే యంత్రమైన మహారాజశ్రీ స్మార్ట్ ట్రైనర్ గారికి, హనుమకొండ నుంచి తమ సేవకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

డిసెంబరు వచ్చింది కాబట్టి, ఆనవాయితీ తప్పకుండా, సైకిలు వెనక చక్రం ఊడదీసి, చైనును తమరి క్యాసెట్‌కు, అంటే పళ్లచక్రాల గుత్తికి, తగిలించి, కిటికీలు మూసి, తమరిని అధిరోహించాను. కిటికీలు మూయడానికి కారణం బయటి చలి. మంచు కురుస్తోందని తమరు పొరబడవద్దు. తెల్లవారుజామున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేవాళ్లు మంకీ క్యాపులు పెట్టుకునేంత చలి, అంటే పదిహేను డిగ్రీల చుట్టుపక్కల. కాసేపటికి లేత ఎండ వస్తుంది, వాన భయం ఉండదు, ములుగు మీదుగా రామప్ప గుడి దాకా పోయినా ఒళ్లు అలవదు. సైకిలు తొక్కేవాడికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి నెలలు మా వరంగల్‌లో లేవు.

తమ పుట్టినింటి సంగతి వేరు. అక్కడ రోడ్ల మీద నీళ్లు గడ్డకట్టి, సాయంత్రం కాకముందే చీకటి పడుతుంది కనుక జనం ఇళ్లలో తొక్కుకుంటారు. అయితే ఆ చలిదేశాల ప్రొఫెషనల్ రేసర్లు మాత్రం ఈ నెలల్లో జట్లు జట్లుగా స్పెయిన్‌లోని కాల్పే అనే సముద్రతీర పట్టణానికి పోయి, అక్కడి ఎండలో గంటల తరబడి తొక్కుతారు. వాళ్లు విమానమెక్కి వెతుక్కుంటూ పోయే వాతావరణం మా ఇంటి గోడ అవతల ఊరికే పడి ఉండగా, దానికి గడియ పెట్టి, ‘ప్రొఫెషనల్ పద్ధతిలో శిక్షణ’ అని మా చేత అనిపిస్తున్నారంటే, అది కేవలం తమరి మహిమ.

ఇక సన్నిధిలో జరిగే అభిషేకం గురించి. మనిషి ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కు చేరేది నాలుగో వంతుకు మించదు, తక్కినదంతా వేడి. 200 వాట్ల లెక్కన తొక్కితే ఒంట్లోంచి 600 వాట్లకు పైగా వేడి పుడుతుంది. రోడ్డు మీదైతే ఎదురుగాలి దాన్ని పట్టుకుపోతుంది. తమరి దగ్గర ఎదురుగాలి లేదు కాబట్టి చెమట ఆరక, ముంజేతుల మీదుగా జారి, హ్యాండిల్ టేపులో ఇంకి, స్టెమ్ బోల్టుల తలల మీద ఎర్రటి తుప్పై తేలుతుంది. చలికి భయపడి లోపలికి వచ్చినవాడు ఫ్యాను ఐదులో పెట్టుకుని, అది చాలక ఇంకో ఫ్యాను కొనడానికి బయలుదేరుతాడు.

ఎదుట తెర మీద, ఇంట్లో తొక్కేవాళ్ల కోసం ఉన్న జ్విఫ్ట్ అనే యాప్ వారి ఊహాలోకం, వటోపియా ద్వీపం. అందులో ఫ్రాన్స్‌లోని ఆల్ప్ డ్యుయెజ్‌ను చూసి కట్టిన కొండ, దానికి అసలు కొండకు ఉన్నట్టే 21 మలుపులు. మొన్న దిగి చెమట తుడుచుకుంటుంటే మా నాయనమ్మ, “ఏడిదాక పోయొచ్చినవ్ బిడ్డా?” అని అడిగింది. తెర మీద 40 కిలోమీటర్లు చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని చూసి, “గంత దూరం పోయినోనివి కుమార్‌పల్లి మార్కెట్ మీదికెల్లి రాకపోతివా, కొత్తిమీర ఒడిసింది” అంది.

తమరి వంశానికి కీర్తి లేదని నేను అనను. 2016 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా రేసర్ మాథ్యూ హేమన్ ఒక రేసులో పడి చేయి విరగ్గొట్టుకుని, వారాల తరబడి ఇంట్లో ట్రైనర్ మీదే తొక్కి, ఆ ఏప్రిల్‌లోనే ఫ్రాన్స్‌లో జరిగే పారిస్–రూబే రేసు గెలిచాడు. మా బృందంలో ఎవరిని కదిపినా ఈ కథే చెబుతారు. ఆయన అప్పటికే ఆ రేసులో ఎన్నోసార్లు దిగి ఆరితేరినవాడన్న సంగతి, మాలో ఎవరి చేయీ విరగలేదన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఆ రేసులో 50 కిలోమీటర్లకు పైగా రాళ్లు పరిచిన బాటలే. గెలిచినవాడికిచ్చే బహుమతి కూడా ఒక రాయే. ఆదివారం రాత్రి దాన్ని చూసి చప్పట్లు కొట్టే మేము, పైపుల కోసం తవ్వి పూడ్చిన మా సందు దాటవలసి వస్తుందనే తమరిని ఆశ్రయించాం.

జూలైలో మరో వేడుక. మూడు వారాలు సాగే సైకిలు రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో రోజువారీ దశ ముగిసేసరికి మనకు రాత్రి తొమ్మిదవుతుంది. 2024లో స్లొవేనియా రేసర్ పొగాచర్ ఒకే ఏడాది ఇటలీ రేసు జీరో డిటాలియా, టూర్ రెండూ గెలిచి, 1998లో ఇటలీ రేసర్ పాంతానీ తర్వాత ఆ ఘనత సాధించిన మొదటివాడైనప్పుడు, మేము అన్నం ముందు పెట్టుకుని అతను కిలో బరువుకు ఎన్ని వాట్లు తొక్కాడో లెక్కలు కట్టాం. అప్పటి నుంచి ఎవరైనా కలిస్తే, పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టు, ముందుగా ఎఫ్‌టీపీ, అంటే దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగల వాట్లు, ఎంతని అడుగుతున్నారు.

ఇక అసలు మనవి. మార్చిలో యూరప్ రేసులు ఊపందుకోగానే, వాటిని చూసి మేమూ తమరిని మంచం కిందికి తోసి రోడ్డెక్కుతాం. సరిగ్గా అప్పుడే మా ఎండలు ముదురుతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటి, మధ్యాహ్నానికి తారు చెప్పులకు అంటుకుంటుంది. మనిషన్నవాడు ఇంట్లో కూర్చుని తొక్కవలసిన నెలలు అవే. కావున తమరు దయతలచి, ఉమ్మడి వరంగల్ జిల్లా వరకైనా చలికాలాన్ని ఏప్రిల్ నడిమి నుంచి తొలకరి దాకా జరుపుతూ ఉత్తర్వులు జారీ చేయవలసిందిగా ప్రార్థన. కూలర్‌లో నీళ్లు నింపే బాధ్యత నాది.

ఇట్లు,
తమ విధేయుడు,
హనుమకొండ