సవరణ: డెల్టా నీళ్ల మీద మొన్నటి పోస్టుకు వివరణ

"జనం పెరిగేకొద్దీ గోదావరి డెల్టాలో నేల, నీళ్లు చాలడం లేదు" అని మొన్న రాశాను. కొందరు దాన్ని "పిల్లల్ని ఎక్కువ కంటున్నారు, అందుకే" అని చదువుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. జనాభా తగ్గకుండా నిలవాలంటేనే 2.1 కావాలి. ప్రపంచ జనాభా 2022లో 800 కోట్లకు చేరింది, నిజమే. అదీ 2080ల్లో సుమారు 1,030 కోట్ల దగ్గర ఆగి తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా.

మన దగ్గర అసలు టెన్షన్ వాడకం తీరుతో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పారిన కాలువలే ఇవాళ్టికీ వరికి, తాగునీటికి, చేపల చెరువులకు ఆధారం. భీమవరం వైపు ఉప్పునీటి రొయ్యల చెరువును ఆనుకున్న వరి చేను చూడండి. ఎండాకాలం గట్టు మీద తెల్లగా ఉప్పు తేలుతుంది, ఆ అంచున దుబ్బు సరిగా పిలకలు వేయదు. ఆ రొయ్యల్లో చాలా భాగం అమెరికా వంటి దేశాలకు పోతాయి. చెరువు తవ్విన రైతును నేను తప్పుపట్టను, వరిలో ఏమీ మిగలకే తవ్వుతాడు. కానీ ఆ ఉప్పును మన ఊళ్లో పుట్టే బిడ్డల ఖాతాలో రాయకండి. పాత వాక్యం తీసేశాను, కాలువల గురించి రాసిన భాగం అలాగే ఉంచాను.